తాగే నీళ్లు, వండే నీళ్లు



పోయిన ఆదివారం చింతామణిలో జరిగిన మన మీటింగులో ఫ్లోరైడ్ నీళ్ల గురించి ఫ్లెక్సీలు వేయించాలని తీర్మానం చేసినాము. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి మూడు ఊళ్లలోనూ బస్టాండు దగ్గర, గుళ్ల దగ్గర కట్టాలని అనుకున్నాము. అందరితో పాటు నేనూ చెయ్యి ఎత్తినాను. ఇంటికి వచ్చినాక నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో మీటింగులో లేచి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. మా నాయన రైల్వే ఉద్యోగం వల్ల మేము జోలార్‌పేటలో ఉండేవాళ్లం, నా చదువంతా తమిళ మీడియంలోనే అయింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో కన్నడం, హిందీ, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నవే.

ముప్పై నాలుగేళ్లు టికెట్టు కౌంటరు వెనక కూర్చున్నాను. మైకులో అనౌన్స్‌మెంటు వస్తుంది, ఒకటికి రెండుసార్లు, మూడు భాషల్లో. అది అయిపోయిన అర నిమిషానికి ఒక పెద్దాయన కౌంటరు దగ్గరికి వచ్చి, "సామీ, గుంతకల్లు బండి ఏ ప్లాట్‌ఫారం?" అంటాడు. కొత్తలో నాకు కోపం వచ్చేది. "ఇప్పుడే కదయ్యా చెప్పినారు, వినలేదా?" అని కసిరేవాణ్ణి. ఒకాయన మాత్రం నెమ్మదిగా, "విన్నాను సామీ. మా అమ్మకు మెట్లెక్కడం కాదు. బ్రిడ్జి ఎక్కకుండా ఆ పక్కకు పోయే దారి ఉందా అని అడగాలని వచ్చినా" అన్నాడు. ఆ రోజు నుంచి నేను కసరడం మానుకున్నాను. వాళ్లు అనౌన్స్‌మెంటు వినక రావడం లేదు. విన్నారు కాబట్టే వస్తున్నారు. విన్నాక పుట్టే ప్రశ్నకు మైకు జవాబు చెప్పదు.

ఈ సంగతి నాకు రైళ్ల విషయంలో బాగా అర్థమయింది. ఆరోగ్యం విషయంలో అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

మన బాగేపల్లిలో, చింతామణిలో సినిమా హాళ్లలో ఎప్పుడూ తెలుగు సినిమాలే కదా. బొమ్మ మొదలయ్యే ముందు పొగాకు ప్రకటన వస్తుంది. "ఈ నగరానికి ఏమైంది" అని గొంతు మొదలు కాగానే హాలంతా ఒక్కసారిగా దానితో పాటు చెప్పేది. పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఆ పేరుతో 2018లో ఒక సినిమాయే వచ్చింది. ఇంటర్వెల్‌లో బయటికి వస్తే, లోపల ఆ మాటలు అరిచినవాళ్లే గోడ పక్కన నిలబడి బీడీ ముట్టించేవాళ్లు. అంతమాత్రాన ప్రకటనలు దండగ అని నేను అనను. కేంద్ర ప్రభుత్వ సర్వేల్లో పెద్దవాళ్లలో పొగాకు వాడేవాళ్లు 2009–10లో నూటికి 34.6 మంది ఉంటే, 2016–17కు 28.6కు తగ్గినారు. ఆ తగ్గడంలో ప్రకటనల పాలు ఉంది, పన్నుల పాలు ఉంది, బహిరంగ స్థలాల్లో తాగకూడదన్న చట్టం పాలూ ఉంది. ఏది ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. మాట నోటికి వచ్చినంత మాత్రాన చెయ్యి మారదని మాత్రం మన హాళ్ల దగ్గరే చూసినాను.

పోలియో కథ వేరు. 1995 డిసెంబరులో దేశమంతటా పల్స్ పోలియో మొదలైంది. ఆ తరువాతి ఏళ్లలో టీవీలో అమితాబ్ బచ్చన్ గారు కూడా వచ్చి చుక్కలు వేయించండని చెప్పేవారు. మా స్టేషన్‌లోనూ బల్ల వేసుకుని కూర్చునేవాళ్లు. బండి దిగిన ప్రతి తల్లి దగ్గరికీ పోయి, బిడ్డ వేలి మీద సిరా గుర్తు ఉందా అని చూసేవాళ్లు. లేకపోతే అక్కడే రెండు చుక్కలు. తల్లులు అడగని ప్రశ్న లేదు. జ్వరం ఉంది వేయొచ్చా? పోయిన నెల వేయించినాము, మళ్లీ ఎందుకు? నర్సమ్మ ఓపిగ్గా చెప్పేది. ఉత్తరప్రదేశ్, బీహార్లలో చుక్కలు వద్దన్న ఇళ్లకు అదే ఊరి ఆడవాళ్లను పంపి మాట్లాడించినారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో వచ్చింది. 2014 మార్చి 27న పోలియో లేదని సర్టిఫికెట్టు వచ్చింది. టీవీ చెప్పింది, మందు గడప దగ్గరికి వచ్చింది, అడిగితే జవాబు చెప్పే మనిషీ వెంట ఉండింది. మూడూ కలిసినాయి.

ఇప్పుడు అసలు విషయం. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చినాను.

మా అక్కను బాగేపల్లి దగ్గర ఒక పల్లెకు ఇచ్చినారు. పన్నెండేళ్ల కింద నేను సెలవు మీద వాళ్లింటికి పోయినాను. అప్పట్లో కామెర్లు వస్తున్నాయి, నీళ్లు కాచి చల్లార్చి తాగండని టీవీలో, రేడియోలో చెప్తూ ఉండినారు. అక్క మనవరాలికి అప్పుడు నాలుగేళ్లు. నేను పెద్ద తెలిసినవాడిలాగ, "అక్కా, ఈ బోరు నీళ్లు అట్లనే తాగించొద్దు, బాగా కాగబెట్టి ఇయ్యి" అని చెప్పి వచ్చినాను. అక్క నా మాట దేవుడి మాటగా పెట్టుకుంది. పొద్దున్నే కట్టెల పొయ్యి మీద తపేలా పెట్టి కాగబెట్టడం, బట్టతో వడగట్టడం, చెంబుతో పాపకు పోయడం. ఏళ్ల తరబడి ఒక్క రోజు మానలేదు.

పాపకు పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చినాయి. పసుపు, గోధుమ రంగు చారలతో వచ్చినాయి. తోమితే పోలేదు. బొగ్గుతో, ఉప్పుతో తోమించినారు, అయినా పోలేదు. చివరికి పళ్ల డాక్టరు దగ్గరికి నేనే పిల్చుకొని పోయినాను, అక్క కూడా వచ్చింది. డాక్టరమ్మ చూసి, "ఏ నీళ్లు తాగుతారమ్మా?" అని అడిగింది. మా అక్క ఎంతో ధైర్యంగా చెప్పింది: "కాగబెట్టిన నీళ్లే అమ్మా. మా తమ్ముడు రైల్వేలో ఉన్నాడు, వాడే చెప్పినాడు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

డాక్టరమ్మ నెమ్మదిగా వివరించింది. కాగబెడితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ క్రిమి కాదు, చావదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ మాత్రం అంతా అడుగునే ఉండిపోతుంది, అంటే కాగేకొద్దీ నీళ్లలో దాని పాలు కొంచెం పెరుగుతుందే తప్ప తగ్గదు. క్యాండిల్ ఫిల్టరు కూడా దాన్ని ఆపదు. పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపల, తాగిన నీళ్ల గుర్తు ఆ పంటి మీద జీవితాంతం ఉండిపోతుంది.

న్యాయంగా చెప్పాలంటే, కాగబెట్టకపోయినా ఆ బోరు నీళ్లతో ఆ పళ్లు అట్లనే వచ్చి ఉండేవి. కాగబెట్టమనడం తప్పు మాట కాదు, కామెర్లకు, టైఫాయిడ్‌కు అది సరైన మాటే, ఇప్పటికీ మానొద్దు. తప్పు ఎక్కడ జరిగిందంటే, కాగబెడుతున్నాము కదా అన్న ధీమాతో మేము వేరే నీళ్ల కోసం వెతకలేదు. ఒక రోగానికి చెప్పిన మాటను ఇంకో రోగం ఉన్న ఊరికి నేను మోసుకొని పోయినాను. ఆ పాపకు ఇప్పుడు పదహారేళ్లు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

మన ప్రాంతం సంగతి మీకు తెలియనిది కాదు. ఏడాది పొడుగునా పారే నది లేదు. చెరువులు, బావులు ఎండినాక బోర్లు వేయడం మొదలుపెట్టినాము, ఇప్పుడు వెయ్యి అడుగులు దాటి పోతున్నాము. కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతి సందుల్లో ఎన్నో ఏళ్లు నిలిచిన నీళ్లలో రాయిలోని ఫ్లోరైడ్ కరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని మన దేశపు ప్రమాణం. ఈ జబ్బు గురించి నెల్లూరు జిల్లాలో చూసి 1937లోనే డాక్టర్లు రాసినారు. అంటే దాదాపు తొంభై ఏళ్లుగా తెలిసిన విషయమే. తెలిసినా మా అక్క గడప దాకా రాలేదు.

వచ్చినప్పుడు కూడా ఎట్లా వచ్చిందో చూడండి. ఒక ఊళ్లో చేతిపంపుకు ఎర్ర రంగు వేసి, "కుడియలు యోగ్యవల్ల" అని కన్నడంలో రాసినారు. నాకు ఎరుపు అంటే ఆగు అని అర్థం, రైల్వేవాణ్ణి కదా. అక్కడ నీళ్లు పట్టుకుంటున్న ముసలమ్మను అడిగితే, "కొత్తగా రిపేరు చేసి రంగేసినారప్పా, ఇప్పుడు నీళ్లు బాగా వస్తాయి" అన్నది. ఆమెకు కన్నడం చదవడం రాదు, తెలుగూ రాదు. మనలో ఎంతమంది ఇళ్లలో పెద్దవాళ్లు ఇట్లా లేరు? పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, ఇంట్లో వంట చేసే ఆమె తెలుగులో వింటుంది.

డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చినాక మా అక్క ఊరి నీళ్ల ప్లాంటు నుంచి క్యాను తెప్పించడం మొదలుపెట్టింది. అయిదు రూపాయల నాణెం వేస్తే ఇరవై లీటర్లు. నా మనసు కుదుటపడింది. మూడేళ్ల తరువాత ఒక రోజు ఆమె వంటింట్లో కూర్చొని ఉంటే, కొళాయి నీళ్లతోనే ఎసరు పెట్టి సంగటి కెలుకుతూ ఉంది. కొళాయిలో వచ్చేది అదే బోరు నీళ్లు. "అక్కా, క్యాను నీళ్లు పొయ్యలేదేమి?" అన్నాను.

"అవి తాగే నీళ్లు కదరా. బోర్డు మీద అదే కదా రాసుండేది" అన్నది.

నిజమే. బోర్డు మీద "శుద్ధ కుడియువ నీరు" అనే ఉంది. చెప్పిన మాటను ఆమె తు.చ. తప్పకుండా పాటించింది. కానీ సంగటికి, అన్నానికి, పప్పుకు పోసిన నీళ్లు ఎక్కడికి పోతాయి? ఫ్లోరైడ్‌తో సహా కడుపులోకే పోతాయి. ఈ మాట ఏ బోర్డూ ఆమెకు చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

చెప్పినాను. అప్పుడు ఆమె అడిగిన ప్రశ్నే నాకు నిద్ర పట్టనివ్వనిది: "వంటకు కూడా అంటే రోజుకు రెండు క్యాన్లు కావాల. ప్లాంటు ఊరికి ఆ చివర. నా మోకాళ్లు చూస్తివి కదా. ఎవడు మోస్తాడురా?"

ఆ మోకాళ్ల నొప్పి అంతా నీళ్ల వల్లనే అని నేను అనను, వయసు కూడా ఉంది. కానీ ఆ ప్రశ్న వినగానే నాకు బ్రిడ్జి మెట్లు ఎక్కలేని అమ్మను తీసుకొచ్చిన ఆ పెద్దాయన గుర్తుకు వచ్చినాడు.

అందుకని సంఘానికి నా మనవి. ఫ్లెక్సీలు పూర్తిగా వద్దనడం లేదు, ఊరికి ఒకటి చాలు. దాని మీద పెద్ద అక్షరాలతో రెండే మాటలు ఉండాలి, కన్నడంలోనూ తెలుగులోనూ: కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, వంటకూ ప్లాంటు నీళ్లే వాడండి. నాయకుల ఫోటోలు, మన ఫోటోలు వద్దు. మిగిలిన డబ్బుతో మూడు పనులు చేద్దాం.

మొదటిది, నీళ్ల పరీక్ష జనం ముందర చేయించడం. జల జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు కిట్టుతో నీళ్లు పరీక్షించడం నేర్పించాలని ఏర్పాటు ఉంది. మన ఊళ్లలో నేర్చుకున్నవాళ్లు ఎవరో కనుక్కొని, సంఘం తరఫున పిలుద్దాం. ప్రతి ఇంటివాళ్లూ తమ కొళాయి నీళ్లు సీసాలో తెచ్చుకోవాలి. మందు చుక్కలు పడగానే రంగు మారేది వాళ్ల కళ్లతో వాళ్లే చూడాలి.

రెండోది, ప్రశ్నలు అడిగే చోటు. నెలకు ఒక ఆదివారం, గుడి అరుగు మీద, మన తెలుగులో. ఆశా కార్యకర్తనో, పళ్ల డాక్టరునో పిలుద్దాం. ఉపన్యాసాలు వద్దు. ఆడవాళ్లు అడగాలి, వాళ్లు చెప్పాలి.

మూడోది, మోసేవాళ్లు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఉన్న ఇళ్లకు, ఒంటరి పెద్దవాళ్ల ఇళ్లకు రోజూ రెండు క్యాన్లు చేర్చడానికి, బండ్లు ఉన్న మన కుర్రవాళ్లలో ఊరికి ఇద్దరు చాలు. పెట్రోలు ఖర్చు సంఘానిది.

వచ్చే మీటింగులో ఈ విషయం మళ్లీ చర్చకు పెట్టమని అధ్యక్షులవారిని కోరుతున్నాను. ఈసారి లేచి నిలబడి మాట్లాడతాను. తీర్మానం మారినా మారకపోయినా, మా అక్క ఊళ్లో ప్రశ్నల ఆదివారం నేనే మొదలుపెడతాను. కౌంటరులో కూర్చొని జవాబులు చెప్పడం నాకు అలవాటే కదా. పరీక్షకు తెచ్చే మొదటి సీసా మా అక్క కొళాయిదే. మీ ఇళ్లలో ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఉంటే, ఈ రోజు రాత్రి వంటకు ఏ నీళ్లు పోసినారో ఒక్కసారి వంటింట్లో అడిగి చూడండి.