ఆదోని నుండి రాయచూరికి



రాయచూరు కాశీరామేశ్వరములవలె దూరదేశము గాదు. ఆదోనిలో నుదయమున బయలుదేరినవారు మధ్యాహ్న భోజనమునకు చేరవచ్చును. అయినను పదునలుగురు బాలికలను, శ్రుతిపెట్టెను, తాళములను, కంజీరను వెంటగొని పోవువారి కది చిన్న యాత్ర కాదని 2026 జనవరి 17వ తేదీన మేము తెలిసికొంటిమి. నాడు పుష్య బహుళ చతుర్దశి. మరునాటి అమావాస్య పురందరదాసుల ఆరాధన దినము. రాయచూరిలో నొక భజనమండలివారు ముందునాటి సాయంకాలమున మా పిల్లలచేత దాసుల పదములు పాడింప గోరిరి. మావారు పాఠశాలలో చదువు చెప్పుదురు. సాయంకాలములందు వసారాలో పాట చెప్పుట మా వంతు.

ఈ పిల్లలలో కన్నడము ఇంటిభాషగా గలవారు ముగ్గురే. తక్కినవారు పదములను తెలుగు లిపిలో వ్రాసికొని వల్లించినవారు. అందరిలో మేలైన గొంతు ఏడవ తరగతి చదువు నొక కూలివాని కూతురిది. ఆమె యెత్తుకొన్నగాని తక్కినవారికి శ్రుతి నిలువదు. ఆమె తలిదండ్రులు అమావాస్య వెళ్లిన మరునాడు గుంటూరు సీమకు మిరపకాయలు కోయ బోవ నిశ్చయించుకొని యుండిరి. మా ప్రాంతమున దీనిని సుగ్గికి పోవుట యందురు. వలసపోవువారి పిల్లలకై సర్కారు వసతిగృహములు కలవని మావారు రెండుమార్లు పోయి నచ్చజెప్పిరి. "ఈ పిల్ల ఈడుంటే చంటోన్ని ఎవరు సూస్తారు సారూ?" అని తండ్రి యడిగెనట. మావారు మరుమాట లేక తిరిగివచ్చిరి. ఆ యొక్క దినమునకు మాత్ర మామెను మావెంట పంపిరి.

ఎమ్మిగనూరు వరకు దారి పొడవునను ప్రత్తిచేలే. ఏరినవి కొన్ని, ఏరనివి కొన్ని. ఎమ్మిగనూరిలో బస్సు మారవలెను. పుష్యపూర్ణిమకు సాగిన నీలకంఠేశ్వరస్వామి జాతర అంగళ్లు కొన్ని యింకను విప్పలేదు. పిల్లల కన్నులు గాజుల మీదనే యుండెను. ఇది నేతగాండ్ర యూరు. 1938లో మాచాని సోమప్పగా రిచ్చట నేతపనివారి సహకార సంఘమును నెలకొల్పిరి. 1954లో వారికి పద్మశ్రీ బిరుదము లభించెను. మా పిల్లలకు ఆ చరిత్రకంటె ఉగ్గాని బజ్జీ ముఖ్యమైనది. వేడివేడి ఉగ్గాని కాగితములలో పెట్టించి యిచ్చితిమి. బజ్జీ కారమునకు పాటగొంతులు చెడునని మేము చెప్పిన మాటను ఒక్కతెయు వినలేదు.

బస్సు స్టాండు వెలుపల నొక లారీ నిలిచియుండెను. అందు మూటలు, బిందెలు, పొయ్యి కట్టెలు, వాని నడుమ ముసలివారు, శిశువులు. వారు అమావాస్యకైన నాగలేదు కాబోలు. ఒక అవ్వ మా మూటలను జూచి మమ్మును తమవంటివారే యనుకొని, "మీరు ఏ సుగ్గికి పోతారమ్మా?" అని యడిగెను.

"సుగ్గికి కాదవ్వా, రాయచూరుకు పాడనీకి పోతున్నాము" అని మా గాయని యుత్తర మిచ్చెను.

"పాడితే ఎంతిస్తారు?"

పిల్ల మా ముఖము జూచెను. ఏమియు నీయరని మేము చెప్పితిమి. అవ్వ నవ్వలేదు, "పోనీలే, సల్లగా పాడుకోండి" అనెను.

మంత్రాలయము శ్రీ రాఘవేంద్రస్వాములు 1671లో బృందావన ప్రవేశము చేసిన క్షేత్రము. దర్శనమునకు కాలము చాలక దూరమునుండియే చేతులు మోడ్చితిమి. అంతవరకు 2025 ఆగస్టు 15న వచ్చిన స్త్రీశక్తి పథకమువలన ఆధారు కార్డు చూపి ఉచితముగా వచ్చినవారము, అచ్చటినుండి రాయచూరు బస్సులో పైకము చెల్లింపవలసి వచ్చెను. "నది దాటితే మనము ఆడవాండ్లము కాదా అమ్మా?" అని యొక చిన్నది యడుగగా కండక్టరు సైతము నవ్వెను.

మాధవరము వంతెనమీద తుంగభద్ర కానవచ్చెను. నీరు సన్నగిల్లి బండలు తేలియుండెను. మావారి నాయనమ్మ రాయచూరు ఆడపడుచు. ఆమె పుట్టిలో నది దాటి పుట్టినింటికి పోవునపుడు కొంగున రెండు ముడులు వేసికొనెడిదట. ఒకదానిలో ఇంగ్లీషు రూపాయలు, రెండవదానిలో నిజాముగారి హాలీ సిక్కాలు. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరింటికి చెల్లెడివి. 1948 వరకు ఆవలి గట్టు నిజామురాజ్యము. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరెను. మా ఆదోని బళ్లారి జిల్లానుండి విడివడి 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమునకు వచ్చినది. ఆ నాయనమ్మకు విదేశయానమైన దారిని మా పిల్లలు పల్లీలు నములుచు దాటిరి.

సాయంకాలము పాట చక్కగా సాగెను. తాళము ఒకచోట తప్పినది. అది మా చేతి తప్పే. పిమ్మట ఆ యింటి గృహిణి పిల్లలందరికి నువ్వులు బెల్లము పంచుచు, సంక్రాంతి వెళ్లి మూడు దినములే యైనదనియు, ఇది సుగ్గి హబ్బపు ప్రసాదమనియు కన్నడమున చెప్పెను. మా గాయని చేయి చాచినది చాచినట్లే నిలిపి, "సుగ్గికి పండుగ యెట్లమ్మా?" అని మా చెవిలో నడిగెను. ఆవలి గట్టున సుగ్గి యనగా పంట యింటికి వచ్చు కాలమని చెప్పితిమి. ఆమె చాలసే పాలోచించి, సగము నువ్వులు కాగితమున చుట్టి తమ్మునికై దాచుకొనెను.

ఆదోని చేరునప్పటికి రాత్రి పదకొండు దాటినది. తండ్రి బస్సు స్టాండులో కాచుకొని యుండెను. దిగునప్పు డాపిల్ల తన పాటల పుస్తకమును మా చేతి కిచ్చి, మిరపతోటలో తడిసిపోవునని చెప్పినది. ఉగాదికి వచ్చి తీసికొందుననెను. సోమవారము తెల్లవారుజామున వారి లారీ పోయినది. పుస్తకము మా బీరువాలో నున్నది. వసారాలో నిప్పుడు శ్రుతి నందుకొనుటకు రెండవ పిల్లను తర్ఫీదు చేయుచున్నాము, గాని ఆ పిల్ల మాటిమాటికి పై షడ్జమును జారవిడుచుచున్నది.