రాబోయే సూపర్‌హీరోయిన్లు
అమెరికాలో సూపర్‌హీరోయిన్ కామిక్ జాతకం అచ్చుకు ముందే సగం తేలిపోతుంది. రాబోయే సంచికల ముఖచిత్రం, రచయిత, చిత్రకారుడు, కాస్త కథ వంటి వివరాలను ప్రచురణకర్తలు సుమారు మూడు నెలల ముందే ప్రకటిస్తారు. మిగిలిపోయిన ప్రతులను కామిక్ దుకాణాలు సాధారణంగా వెనక్కి ఇవ్వలేవు. అందుకే ఆచితూచి ఆర్డర్ పెడతాయి. కొత్త నాయికలకు ఇదే గండం. 2014లో మిస్ మార్వెల్‌గా సొంత పత్రిక అందుకున్న కమలా ఖాన్‌కు డిజిటల్ ప్రతులు, సంపుటాలు అండగా నిలిచాయి.

పేరున్న నాయికకు పరీక్ష వేరు: తెలిసిన కథను మళ్లీ ఎందుకు కొనాలి? 1941లో పుట్టిన వండర్ ఉమన్‌ను 2024 అక్టోబరులో మొదలైన 'అబ్సల్యూట్ వండర్ ఉమన్'లో రచయిత్రి కెల్లీ థాంప్సన్, బొమ్మలు గీసిన హేడెన్ షెర్మన్ అమెజాన్ల దీవిలో కాక నరకంలో, మాంత్రికురాలు సర్సీ చేతుల్లో పెంచారు. ఇంత సాహసం ముందస్తు ప్రకటనలోని నాలుగు వాక్యాల్లో ఇమడదు. అయినా తొలి సంచికను మళ్లీ మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది.