పాత ఫైళ్లను తొలగించుట యెట్లు?

కూడబెట్టుట సులభము, ఏది యుంచవలయునో, ఏది విడువవలయునో నిర్ణయించుట కష్టము. మన యిండ్లలో అటుకమీద పాత సామాను పేరుకొనినట్లు నేడు మన కంప్యూటర్లలో పాత ఫైళ్లు పేరుకొనుచున్నవి. వానిని తుడిచివేయ బూనినప్పుడు యంత్రము వీలుకాదని మొండికెత్తుటయు మనలో పలువురకు అనుభవమే. ఆ మొండితనమునకు కారణము కనుగొను విధమును, అది కనుగొనులోగా మాకు తెలియవచ్చిన మరియొక సంగతిని ఇచట విద్యార్థులకు తెలుపుచున్నాను.

గత వేసవి సెలవులలో మా పాఠశాల కార్యాలయమందలి హార్డు డిస్కు నిండిపోయెను. ఇది కంప్యూటరు లోపల నుండునది గాక, తీగతో బయట తగిలించుకొనునది. అరచేతిలో నిముడు ఆ పెట్టె 1 టెరాబైటు సమాచారమును పట్టును. 1956వ సంవత్సరమున ఐ.బి.ఎమ్. సంస్థవారు వెలువరించిన తొలి డిస్కు యంత్రమున 24 అంగుళముల వెడల్పుగల పళ్లెములు 50 ఉండియు, అది సుమారు 50 లక్షల అక్షరములనే దాచగలిగెడిది. మన చిన్న పెట్టె దానికి సుమారు 2 లక్షల రెట్లు పట్టును. అంతటిదియు నిండెను! గుమాస్తాగారు పాత సంవత్సరముల ఫోల్డరులను తొలగింపబోగా, అనుమతి లేదని తెరపై సందేశము వచ్చెను.

"అయ్యా, డిస్కునంతా ఫార్మాటు చేసేస్తే పీడ వదులుతుంది కదా!" అని ఆయన విసుగుతో ననెను.

"తొందరపడకండి. అది యెందుకు వద్దంటున్నదో ముందు చూతము" అంటిని.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన పాఠమొకటి నేటికిని నాకు జ్ఞాపకమున్నది. బాలుడు లెక్కలో తప్పినప్పుడు, సమాధానమును కొట్టివేయుటకు ముందు ఏ మెట్టున తప్పెనో చూడవలెను. యంత్రము విషయమునను ఇదియే మార్గము. మొదట తెరపై వచ్చిన సందేశమును పొల్లుపోకుండ వ్రాసికొనవలెను. పిమ్మట ఒక్కొక్క కారణమునే పరీక్షింపవలెను. ఒకేసారి నాలుగు మార్పులు చేసినచో దేనివలన చిక్కు విడిపోయెనో తెలియదు. సామాన్యముగా కారణములు ఐదు.

మొదటిది, ఫైలు వాడుకలో నుండుట. ఏదో యొక ప్రోగ్రాము ఆ ఫైలును తెరచియుంచినచో విండోసు దానిని తొలగింపనీయదు. ప్రోగ్రాములన్నియు మూసి, కంప్యూటరును ఆపి మరల ప్రారంభించిన తరచుగా పని నెరవేరును.

రెండవది, యాజమాన్యము. పాత కంప్యూటరులో ఒకరి పేర పుట్టిన ఫైలు, డిస్కును క్రొత్త కంప్యూటరునకు తగిలించినను పాత యజమానినే గుర్తుంచుకొనును. తండ్రి గతించిన పిమ్మటను పట్టా ఆయన పేరనే యున్న పొలమువంటి దది. పేరు మార్పించుకొననిదే కుమారునకు అమ్ముకొన వీలుకాదు. నిర్వాహకుని హోదాతో ప్రవేశించి, ఆ ఫోల్డరు యొక్క భద్రతా విభాగమున యాజమాన్యమును మార్చుకొనవలెను.

మూడవది, వ్రాత నిషేధము. కొన్ని డిస్కులు చదువుటకు మాత్రమే వీలుగా అమర్చబడి యుండును. మాకింటాష్ కంప్యూటరు విండోసువారి ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో నున్న డిస్కును చదువగలదు గాని, వేరొక ప్రోగ్రాము తోడు లేనిదే దానిపై వ్రాయలేదు. వ్రాయలేనిది తుడువను లేదు.

నాల్గవది, పేరు పొడవు. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో మరియొకటి చేర్చుకొనుచు పోయినచో, వాని పేర్లన్నియు కలిసిన చిరునామా 260 అక్షరములకు మించును. అప్పుడు విండోసులో పెక్కు ప్రోగ్రాములు తడబడును. పై ఫోల్డరుల పేర్లను కుదించిన చాలును.

ఐదవది, డిస్కు చెడుట. పని ముగియకముందే తీగను లాగివేసినను, నడుమ కరెంటు పోయినను, లోపలి ఫైళ్ల పట్టిక చెదరవచ్చును. దానిని సరిచేయుటకు విండోసులో చెక్ డిస్క్ అను సాధనము కలదు. అయితే డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేయుచున్నచో మరమ్మతు తలపెట్టక, కావలసిన ఫైళ్లను మొదట వేరొక డిస్కునకు ఎక్కించుకొనవలెను. బలహీనమైన డిస్కునకు ఆ మరమ్మతే ఆఖరి భారము కావచ్చును.

మా డిస్కునకు పట్టినది రెండవది. యాజమాన్యము మార్చి, అక్కరలేని ప్రశ్నపత్రముల ఫోల్డరు నొకదానిని తొలగింపగా అది తొలగెను. కాని ఖాళీ స్థలము పెరుగలేదు. వెదకి చూడగా, ఇట్టి హార్డు డిస్కునందును మరుగుననుండు చెత్తబుట్ట యొకటి కలదని, తొలగించిన ఫైళ్లు అందులో చేరియున్నవని తేలెను. బుట్టను ఖాళీచేసిన పిమ్మటనే స్థలము దొరకినది.

అప్పటికైనను ఫైలు నిజముగా నశించినట్లేనా? కాదు. కణేకల్ ప్రాంతమువారికి దీనిని తెలుపుట సులభము. వేదవతి ఒడ్డున గాలికి ఇసుక లేచి పొలముల గట్లను కప్పుచుండుట మనమెరుగుదుము. గట్టు కనబడనంత మాత్రమున నేల పోలేదు. అట్లే హార్డు డిస్కునందు ఫైలును తొలగించినప్పుడు పట్టికలో దాని గుర్తు మాత్రమే కొట్టివేయబడును. ఆ చోట క్రొత్తది వ్రాయబడువరకు లోపలి సమాచార మచ్చటనే యుండును. కనుక పొరబాటున ఫైలు పోయినచో వెంటనే ఆ డిస్కును వాడుట మానినయెడల, తగిన ప్రోగ్రాముతో దానిని తిరిగి రాబట్టుకొన వచ్చును. పళ్లెములు లేని ఎస్.ఎస్.డి. అను క్రొత్తరకపు డిస్కులలో ఈ యాశ తక్కువ. తొలగించిన చోటును అవి తామే శుభ్రము చేసికొనును. పాత డిస్కును అమ్మువారు కూడ ఈ సంగతి యెరుగవలెను. మనము తుడిచితిమనుకొన్నది కొన్నవారు చదువవచ్చును.

మిగిలిన ఫోల్డరులను తొలగించుటకు ముందు ఒక్కొక్కదానిని తెరచి చూచితిని. ఒకదానిలో అంకెలే పేర్లుగాగల బొమ్మలు వందలకొలది యుండెను. అవి పాత అడ్మిషన్ రిజిష్టరు పుటల ఛాయాచిత్రములు. అసలు రిజిష్టరులో కొన్ని పుటలను చెదలు తినివేసినవి. వానికి మిగిలిన ప్రతి ఇదొక్కటే!

మన జిల్లాలో సాలీనా సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు తప్పిన యేడు కుటుంబములు బెంగుళూరునకు తరలిపోవును. వెంట పట్టుకొని పోలేనివి కాగితములే. జూన్ నెలలో, అచట తాపీపని చేసికొను పూర్వవిద్యార్థి యొకడు వచ్చి, "సార్, నేను పుట్టిన తేదీ మీ రిజిష్టర్లో తప్ప యాడా లేదు" అనెను. అతని పుట చెదలు తిన్నవానిలో నొకటి. దాని బొమ్మ డిస్కులో దొరకినది. గుమాస్తాగారే దానిని పైకి చదివి, మిగిలిన రికార్డులతో సరిచూచిరి. అతనికి ధ్రువపత్రము లభించెను.

ఇది క్రొత్త నీతి కాదు. 1800వ సంవత్సరమున మన సీమ దత్తమండలములలో భాగముగా ఆంగ్లకంపెనీ చేతికి వచ్చెను. అప్పటికి గ్రామ కరణములయొద్ద దండకవిలెలను పాత లెక్కలు, చరిత్రలు నుండెను. కర్నల్ కాలిన్ మెకంజీ పంపిన పండితులు వానినాధారము చేసికొని కైఫియతులు వ్రాయించిరి. కవిలెలు చాలవరకు నశించినవి. వానినుండి వ్రాసికొన్న ప్రతులు మనకు మిగిలినవి.

కావున విద్యార్థులారా, అక్కరలేనిదానిని తొలగింపుడు, తప్పులేదు. కాని ముందు తెరచి చూడుడు. ఫైలునకు అంకె గాక అర్థమగు పేరు పెట్టుడు. ముఖ్యమైనదానికి రెండు ప్రతులు వేర్వేరు చోట్ల నుంచుడు. యంత్రము వద్దన్నప్పుడు కోపింపక, ఎందుకని యడుగుడు. ఆ క్షణకాలపు ఆలస్యములో ఒకని బ్రతుకుతెరువు నిలిచియుండ వచ్చును.