గోడమీది స్వరాలు

ఎల్సె మారీ పాదె 1924లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో పుట్టింది. చిన్నప్పుడు జబ్బుతో చాలాకాలం మంచంలోనే ఉండి, బయటి చప్పుళ్లు వింటూ వాటితో లోకాలు అల్లుకునేదట. పియానో నేర్పిన కరీన్ బ్రీగే ఆమెని నాజీ వ్యతిరేక పోరాటంలోకి తీసుకెళ్లింది. (పాఠాలంటే ఇవీ!) 1944లో గెస్టపో పట్టుకుంది. జైలు గదిలో, మేజోడు పట్టీకున్న బకిల్‌తో గోడమీద స్వరాలు గీసింది.

ఇక్కడే నా చదువు ఆగిపోయింది. నా సిద్ధాంత వ్యాసంలో ‘రచన’ అంటే అచ్చయినదే అని మొదటి అధ్యాయంలోనే హద్దు పెట్టుకున్నాను. తిరగలి దగ్గర అమ్మమ్మ కట్టి పాడిన పాటలు ఆ హద్దుకి అవతలే ఉండిపోయాయి. ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. డాక్టరేట్ వచ్చేసింది.

పాదె తర్వాత డెన్మార్క్ రేడియోలో పనిచేసింది. 1958లో, కోపెన్‌హాగన్‌లో ఒక రోజంతా వినిపించే చప్పుళ్లని టేపుమీద కూర్చి సింఫనీ చేసింది. అలాంటిదాన్ని సంగీతమని ఒప్పుకున్నవాళ్లు అప్పట్లో తక్కువే. ఆమె పేరు మళ్లీ వినబడేసరికి ముసలిదైపోయింది. 2016లో చనిపోయింది.

అమ్మమ్మ పాటల్లో రెండే అమ్మకి గుర్తున్నాయి. మొన్న రికార్డు చేద్దామని కూర్చుంటే, రెండోదాని మధ్యలో ఆగిపోయింది.

“తిరగలి చప్పుడు లేకపోతే ఇది రాదే” అంది.