గుండ్లకమ్మ ఒడ్డున

గుండ్లకమ్మ పేరు మన పెద్దల నోట చాలాసార్లు విన్నాము. ఆ నదిని పైనుండి క్రిందికి చూడాలనే ఆశతో మేము మొదట కంభం వెళ్లాము.

నల్లమల కొండలలో పుట్టి, అద్దంకి ప్రాంతము మీదుగా బంగాళాఖాతములో కలిసే చిన్న నది ఇది. వానలు పడితే పొంగుతుంది, వేసవిలో ఇసుకే మిగులుతుంది. అందుకే విజయనగర రాజుల కాలములో కొండల నడుమ కట్ట వేసి కంభం చెరువు నిర్మించారు. ఇన్ని వందల ఏండ్ల తరువాత కూడా ఆ కట్ట నిలిచే ఉంది. దానిపై నిలబడి నీటిని చూస్తుంటే, ముందుచూపు అంటే ఏమిటో మాకు బోధపడింది.

మరునాడు ఒంగోలుకు ఉత్తరాన ఉన్న వెల్లంపల్లి చేరాము. 1876-78 మహా కరవులో ఈ ప్రాంత ప్రజలు ఆకలితో అల్లాడారు. మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. అయితే కరవు పని సాగినంత కాలము ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. అన్నము కోసము విశ్వాసము మార్చుకొన్నారనే మాట రాకూడదని ఆయన ఉద్దేశము. పని ముగిసిన తరువాత కూడా జనము వచ్చారు. 1878 జూలై 3న ఈ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో దిగి ఆ పరిచర్య జరిగించారు.

ఆ దగ్గరలోనే మల్లవరం వద్ద, సుమారు 80 వేల ఎకరాల సాగు కొరకు కట్టిన జలాశయము ఉంది. 2022 ఆగస్టులో దాని గేటు ఒకటి కొట్టుకొనిపోయింది. 2023 డిసెంబరులో మరొకటి పోయింది. నిలువ ఉన్న నీరు రైతు కళ్లయెదుటే సముద్రము పాలయింది.

కట్టడము ఒక తరము పని, కాపాడడము ప్రతి తరము పని. యోసేపు సమృద్ధి కాలములోనే ధాన్యము కూర్చాడు గదా! ఈ వేసవిలో మన ఊరి చెరువు తూము, కట్ట ఒకసారి చూచి వద్దామా?