నెబ్రాస్కా: ఒకే సభతో నడిచే రాష్ట్రం

అమెరికా నడిమధ్యన, మిస్సోరీ నదికి పడమర పరుచుకున్న మైదానాల రాష్ట్రం నెబ్రాస్కా. ప్లాట్ నది దీని గుండా తూర్పుకు పారి మిస్సోరీలో కలుస్తుంది. ఏటా వసంతం మొదట్లో లక్షలాది శాండ్‌హిల్ క్రేన్ పక్షులు ఈ నది దగ్గర దిగుతాయి. పగలంతా కోత అయిపోయిన మొక్కజొన్న చేలల్లో గింజలు ఏరుకుంటాయి, రాత్రి లోతులేని నీళ్లలో నిలబడి నిద్రపోతాయి.

ఇది పానీ, ఒమాహా, పోంకా తెగల నేల. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద వలస వచ్చినవారికి 160 ఎకరాల చొప్పున భూమి దక్కింది. 1867లో నెబ్రాస్కా 37వ రాష్ట్రమైంది. పోంకాలను మాత్రం ప్రభుత్వం 1877లో ఇప్పటి ఓక్లహోమాకు తరిమేసింది. చనిపోయిన కొడుకును సొంత గడ్డలో పూడ్చడానికి వెనక్కి బయల్దేరిన నాయకుడు స్టాండింగ్ బేర్‌ను సైన్యం నిర్బంధించింది. ఆదివాసీ కూడా చట్టం దృష్టిలో మనిషేనని 1879లో ఒమాహాలోని ఫెడరల్ కోర్టు తీర్పిచ్చి ఆయన్ని విడిపించింది.

రాజధాని లింకన్. సెనేటర్ జార్జ్ నోరిస్ ప్రచారంతో 1934లో ఓటర్లు రెండు సభల పద్ధతిని రద్దు చేశారు. 1937 నుంచి ఉన్నది ఒక్కటే సభ. ఇప్పుడు అందులో 49 మంది సభ్యులు. వాళ్ల ఎన్నికలో బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. బిల్లులపై కమిటీలు జరిపే బహిరంగ విచారణలో సామాన్యులూ మాట్లాడవచ్చు. అమెరికాలోని 50 రాష్ట్రాల్లో ఒకే సభ ఉన్నది నెబ్రాస్కాకు మాత్రమే.