ఆరని దీపాల ఊరు

హైదరాబాదులో పురానాపూల్ దగ్గర గురువారంనాడు సాగే జుమ్మేరాత్ బజారులో దొరకని పాత వస్తువంటూ ఉండదు. మొన్న అక్కడ నాకొక రేడియో వాల్వు దొరికింది. చూపుడువేలంత గాజుబుడ్డి. ఒంటిమీద ముల్లార్డ్ అనే బ్రిటిష్ కంపెనీ పేరు, ఈఎల్ 84 అనే నంబరు. తలమీది వెండిపూత చెదరలేదు. లోపలికి గాలి చొరబడితే ఆ పూత పాలలా తెల్లబడుతుంది. అప్పుడిక వాల్వు పని అయిపోయినట్లే.

దాన్ని జేబులో వేసుకుని మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి బయలుదేరాను. మా అన్నయ్య కూతురికి అక్కడే ఉద్యోగం. పిల్లను చూసి నెల దాటింది. 1998లో ప్రధాని వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ చుట్టూ ఇప్పుడు కనుచూపుమేర అద్దాల మేడలే! మనం ఆఫీసు మూసి ఇంటిదారి పట్టే వేళకు అక్కడ కొందరికి పని మొదలు. అమెరికాలో అప్పుడే తెల్లవారుతుంది గదా!

"ఇదేం బల్బు బాబాయ్?" అంది అమ్మాయి.

"మీ కంప్యూటరుకు ముత్తాత" అన్నాను.

1904లో లండనులో ఫ్లెమింగ్ తొలి వాల్వు చేశాడు. రెండేళ్ళకు అమెరికాలో డీ ఫారెస్ట్ అందులో మూడో తీగ చేర్చాడు. ఆ తీగ పుణ్యమా అని, గాలిలో వచ్చే బలహీనమైన సంకేతాన్ని గదంతా వినబడేట్లు పెంచడం క్రమంగా సాధ్యమయింది. 1935లో నిజాం ప్రభుత్వం చేపట్టిన దక్కన్ రేడియోను ఇళ్ళలో పలికించినవి ఈ జాతి బుడ్లే.

వీటితో లెక్కల యంత్రం కడతానంటే మొదట పెద్దలు నమ్మలేదు. వాల్వులు మాటిమాటికీ మాడిపోతాయన్నారు. బ్రిటిష్ తపాలాశాఖ ఇంజనీరు టామీ ఫ్లవర్స్ ఒప్పుకోలేదు. వేడెక్కడం, చల్లారడం వల్లనే అవి చెడుతున్నాయి, ఆర్పకుండా ఉంచితే చాలాకాలం మన్నుతాయన్నాడు. సుమారు 1,600 వాల్వులతో ఆయన కట్టిన కొలోసస్, 1944లో జర్మనుల రహస్య సందేశాలను విప్పడానికి తోడ్పడింది. 1960లో బొంబాయిలో పని మొదలుపెట్టిన మన టిఫ్రాక్ కంప్యూటరులో 2,700 వాల్వులుండేవి.

అమ్మాయి వాల్వును దీపానికెదురుగా పట్టి చూసింది. ఆమె కళ్ళకింద నలుపు అప్పుడు కనిపించింది నాకు. ఆ రాత్రి డ్యూటీ మూడింటికి గాని పూర్తికాదట.

"అయితే ఆర్పకపోవడమే దీని ఆయుష్షన్నమాట!" అంది.

"దానికంతేనమ్మా. మనిషికి మాత్రం వేళకు కునుకు పడితేనే మన్నిక."

"ఆ ముక్కేదో మా మేనేజరుకు చెప్పు, బాబాయ్" అని నవ్వి, మెడలో కార్డు సర్దుకుని, దీపాలు వెలుగుతున్న మేడలోకి వెళ్ళిపోయింది.